సీసం తూచిన చలికాలం

పోయిన వారం మా ఫరీదాబాద్ ఫ్లాట్‌లో వాషింగ్ మెషీన్ నీళ్ళు వదలనని మొండికేసింది. వచ్చిన మెకానిక్ దాన్ని గోడ దగ్గర్నుంచి ముందుకు లాగి, అడుగున ఉన్న జాలీ విప్పి, ఇన్నేళ్ళుగా మా కుటుంబం పోగొట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే తీసి నేలమీద పేర్చాడు. జడపిన్నులు, చొక్కా గుండీలు, పోయిందని అమ్మ మూడు రోజులు అన్నం మానేసిన చెవిదిద్దు తాలూకు శీల. ఆఖరున ఒక బూడిదరంగు వస్తువు తీసి, వెలుగులో తిప్పి చూసి, "యే క్యా హై సర్‌జీ, మెషీన్ కా తో నహీ లగ్‌తా" అన్నాడు. మినపగింజంత డమరుకం చేయిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. రెండు కొసలూ వెడల్పు, నడుము సన్నం. మెషీన్‌ది కాదని నేనూ ఒప్పుకున్నాను. అది ఎయిర్ రైఫిల్‌లో వేసే సీసపు గుండు, పెల్లెట్ అని చెబితే బిల్లు కాస్త తగ్గిస్తాడేమోనన్న దురాలోచన ఒకటి వచ్చింది గాని, నా మొహం చూసి ఎవరూ ఇంతవరకూ భయపడలేదు కనక ఊరుకున్నాను. అది ఏ చలికాలంలో, ఎవరి స్వెట్టరు జేబులోంచి ఆ మెషీన్‌లో పడి ఉంటుందో నాకు తెలుసు.

ఆ స్వెట్టరు మా నాన్నది. నాన్న సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. సుబేదారనగానే మీకు మంచుకొండలూ మెలితిప్పిన మీసాలూ కనిపిస్తే అది ఆయన తప్పు కాదు. ఆయన ఉద్యోగమంతా స్టోర్సులో గడిచింది. బూట్లు, దుప్పట్లు, టైర్లు, లాంతర్లు వస్తుంటాయి. చూసి పనికొచ్చేవి లోపలికి, పనికిరానివి వెనక్కి పంపాలి. ఎక్కడ ఏ పని చెడినా సామానులో లోపం వెతకడం ఆయనకి అలవాటైపోయింది. మనిషిలో లోపం వెతకడానికి వేరే శాఖ ఉంటుందనీ, తనకి అక్కడికి ఎన్నడూ బదిలీ కాలేదనీ ఆయన ధోరణి. శ్రీకాకుళం వైపు నుంచి బయల్దేరి దేశమంతా తిరిగి, ఢిల్లీ కంటోన్మెంటులో ఆఖరి పోస్టింగు ముగించుకుని, ఊరికి పోకుండా ఇక్కడే ఉండిపోయారు. కారణం మా చెల్లెలి ప్రాక్టీసు.

నా సంగతి తొందరగా చెప్పేస్తాను, చెప్పుకోడానికి ఎక్కువ లేదు. డిగ్రీ అయ్యాక, ఢిల్లీలో సివిల్స్‌కి చదివేవాళ్ళు గుంపుగా ఉండే కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గది ఒకటి అద్దెకి తీసుకుని, కొన్నేళ్ళపాటు దేశాన్ని పరిపాలించడానికి సిద్ధపడ్డాను. దేశం సిద్ధపడలేదు. ఆఖరి ప్రయత్నం కూడా అయిపోయాక ఇంకో చిన్న పరీక్ష రాసి, ఒక మంత్రిత్వశాఖలో ఫైళ్ళని ఈ బల్లమీంచి ఆ బల్లమీదికి గౌరవంగా పంపే ఉద్యోగంలో కుదిరాను. అంచేత మా ఇంట్లో గెలవాల్సిన పని మొత్తం చెల్లెలి వాటాకి వచ్చింది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మా ఇంట్లో పైకి అనని మాటలే గోడలు దాటి వినిపించేవి.

చెల్లెలు కంటోన్మెంటు స్కూల్లో ఉండగా ఎయిర్ రైఫిల్ పట్టుకుంది, మరి వదల్లేదు. పది మీటర్ల దూరంలో కాగితం, దాని మీద నల్లటి గుండ్రం, దాని నడుమ పెన్సిల్ మొనతో పెట్టినంత తెల్లచుక్క. ఆ చుక్కని కొట్టాలి. పది మార్కులు వస్తే గొప్ప కాదు, పదిలో కూడా ఎంత పది అని దశాంశాలు చూసే ఆట అది. కొయ్యలాంటి కాన్వాసు జాకెట్టూ ప్యాంటూ బిగించుకుని, బాతులా నడిచి వెళ్ళి నిలబడిందంటే ఆ పిల్ల ఊపిరి తీస్తోందా లేదా అని అనుమానం వచ్చేది. డిగ్రీ కరెస్పాండెన్సులో చేసింది. స్నేహితురాళ్ళు ఉద్యోగాలూ పెళ్ళిళ్ళూ చూసుకుంటుంటే ఈమె చుక్క చూసుకుంది. ఆ ఏడు ఫిబ్రవరిలో జరగబోయే ట్రయల్స్‌లో పై వరసలో నిలిస్తే జట్టులో చోటు. జట్టులో చోటుంటే ఒక కేంద్ర దళంలో క్రీడాకారుల కోటా కింద ఉద్యోగం, దానితోపాటు కోచింగూ, కాల్చుకోడానికి రేంజీ, ఇక జీవితమంతా షూటింగూ. రాకపోతే ఏదీ లేదు. ఆ కోటాకి ఉన్న వయసు ఆమెకి ఆ వేసవితో దాటిపోతుంది.

ఇంకొక్క మాట. చెల్లెలికి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది. జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. క్వార్టర్సులో పెరిగిన పిల్లలందరిదీ అదే తీరు. ఆమె నోట తెలుగు వచ్చిందంటే ఏదో పెద్దదే అయిందని మేము కుర్చీలో సర్దుకుని కూచునేవాళ్ళం.

నాన్న రిటైరయ్యాక ఫోన్‌లో ఏవో వీడియోలు చూడటం మొదలుపెట్టారు. పరాయి దేశాల్లో పొలాల్లో బొరియలు తవ్వే ఎలకజాతి జంతువుల్ని చాలా దూరంనుంచి కొట్టడానికి సన్నటి తుపాకులు ఉంటాయట. వాటికి కొట్లో దొరికే తూటాలు చాలవని, పెద్దమనుషులు ఇంటి షెడ్డులో కూచుని ఎవరి తూటాలు వాళ్ళే తయారుచేసుకుంటారు. ఇత్తడి గొట్టం శుభ్రం చేసుకుని, తుపాకిమందు రవ్వ రవ్వా తూచి, పైన గుండు బిగిస్తారు. ఒక్కో తుపాకికి ఒక్కో తూకం పడుతుందట, ఆ తూకం దొరికేదాకా నెలలు గడిపేస్తారట. నాన్న ఆ నెరిసిన గడ్డాలవాళ్ళని మఠాధిపతుల్ని చూసినట్టు చూసేవారు. "ఎలకని కొట్టడానికే అంత నిష్ఠుంటే మనకెంతుండాల" అనేవారు. మన దేశంలో ఆ పని ఇంట్లో పెట్టుకుంటే మిగతా తూకం పోలీసులు వేస్తారు. పైగా ఎయిర్ రైఫిల్‌కి మందూ లేదు, ఇత్తడి గొట్టమూ లేదు. గాలి తోస్తుంది, సీసం వెళుతుంది. చేత్తో చెయ్యడానికి మిగిలిందల్లా ఆ సీసపు పెల్లెట్లని ఏరడం, కడగడం, తూచడం, పల్చగా నూనె రాయడం. నాన్న ఆ నాలుగింటినీ పట్టుకున్నారు.

ఆదివారం పూట భోజనాల బల్లమీద తెల్ల పంచె పరిచేవారు. మొదటి విడత అమ్మది. ఊరినుంచి తెచ్చుకున్న చాటలో పెల్లెట్లు పోసుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, అంచు వంగినవాటిని వేలికొసతో పక్కకి నెట్టేది. రెండో విడత అద్దం మీద. ఆ అద్దం నాన్న వీడ్కోలు నాటి గ్రూపు ఫోటోకి ఉన్నది. ఫోటోని బీరువాలో పడేసి అద్దాన్ని ఒక వైపు రెండు పుస్తకాలమీద ఎత్తిపెట్టి, పై కొసనుంచి పెల్లెట్లు దొర్లించేవారు. సరైనవన్నీ ఒకే వంపులో జారి ఒకే చోటికి చేరతాయి. తేడాగా ఉన్నది దారి తప్పి ఇంకెటో పోతుంది. మూడో విడత కంసాలులు వాడే చిన్న కాటా మీద తూకం. అన్నీ నెగ్గిన పెల్లెట్‌కి, సైన్యంలో ఏ లోపమూ లేని జవానుకి డాక్టర్లు ఇచ్చే 'షేప్ వన్' హోదా ఇచ్చి వేరే డబ్బాలో పడుకోబెట్టేవారు. నా బాధ్యత ఫ్యాను ఆపడం, మాట్లాడకపోవడం. తుమ్ము వస్తే బాల్కనీలోకి వెళ్ళి తుమ్మాలి. పని అయ్యాక అమ్మ మా ముగ్గురి చేతులూ సబ్బుతో రెండుసార్లు కడిగించేది, సీసం కడుపులోకి పోతే మతి పోతుందని. ఇంకా పోలేదని ఆవిడ నమ్మకం.

నూనె దగ్గర కొంచెం చర్చ జరిగింది. సెప్టెంబరు నెల, ఉక్కగా ఉంది. పల్చగా నూనె రాస్తే పెల్లెట్ తుపాకి గొట్టంలో ఒకేలా జారుతుందని వీడియోలో పెద్దమనిషి ఎవరో అన్నాడు. ఏ నూనె అన్నది నాన్నకి అంతు చిక్కలేదు. కుట్టుమిషన్ నూనె వాసనకి గుంటకి, అంటే చెల్లెలికి, తలనొప్పి వస్తుందని అమ్మ అడ్డుపడి, అలమరలోంచి కొబ్బరినూనె సీసా తెచ్చి బల్లమీద పెట్టింది. "మనం తలకి రాసుకున్నదే కదా, సీసానికి సేదా?" అంది. శుభ్రమైంది, పల్చనిది, ఇంట్లో ఉన్నది. నాన్న నాలుగు చుక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసి, పెల్లెట్లు పోసి, చంటిపిల్లని ఊపినట్టు ఊపారు. ఆ నెలంతా చెల్లెలి స్కోర్లు పైకే పోయాయి. దసరాకి ముందు ఒక పోటీలో పతకం కూడా వచ్చింది. ఆయుధపూజ నాడు పెల్లెట్ల డబ్బాకి అమ్మ కుంకుమ పెట్టబోతే బరువు మారిపోతుందని నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. అమ్మవారే ఏమనుకుందో.

దీపావళి పొగ తేలిపోయేసరికి చలి దిగింది. చలితోపాటే స్కోర్లూ దిగాయి.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక రోజు తగ్గుతుంది, ఇంకో రోజు పెరుగుతుంది. ఆ ఇంకో రోజు రాలేదు. చెల్లెలు ప్రాక్టీసు చేసేది మా సెక్టారు మార్కెట్లో ఒక ఫర్నిచర్ షోరూం కింద ఉన్న బేస్‌మెంటులో. డిసెంబరులో అక్కడ నిలబడితే నేలలోంచి చలి మోకాళ్ళదాకా ఎక్కేది. ఆఫీసునుంచి వస్తూ నేను అక్కడ ఆగి చూసేవాణ్ణి. రైఫిల్ ఎత్తేది. చెంప ఆనించేది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళేది, అక్కడే ఉండిపోయేది. మళ్ళీ దించేసేది. మళ్ళీ ఎత్తేది. అలా ఎత్తీ దించీ చివరికి కాలిస్తే పెల్లెట్ చుక్కని వదిలేసి పక్కకి పోయేది. ఇంటికొచ్చాక హాల్లో గోడకి చిన్న చుక్క అంటించి, దానికి ఎదురుగా ఖాళీ రైఫిల్‌తో గంటలకొద్దీ నిలబడేది. మేము టీవీ మ్యూట్ చేసుకుని వార్తల మొహాలు చూసేవాళ్ళం. అన్నం దగ్గర చారు కలుపుకుని, కలిపింది చూస్తూ కూచునేది. అమ్మ సింహాద్రి అప్పన్నకి మొక్కుకుని టీ మానేసింది. అమ్మకి టీ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి పరిస్థితి తీవ్రత అర్థమవుతుంది.

కోచ్ హర్యానా మనిషి, మాట తక్కువ. ఒక సాయంత్రం నాన్నని పక్కకి పిలిచి, "సూబేదార్ సాబ్, ఛోరీ థక్ గీ సై" అన్నాడు. పిల్ల అలిసిపోయింది, రెండు వారాలు తుపాకి ముట్టుకోనివ్వకండి అని సలహా. నాన్న ఎంతో మర్యాదగా "ఠీక్ హై కోచ్ సాబ్" అని, ఇంటికొచ్చి, ఇంకో సైజు పెల్లెట్ల డబ్బాలకి ఆర్డరు పెట్టారు. ఆయన లెక్కలో ఎక్కడో సామాను చెడింది. ఒక వారం కాటాని అనుమానించారు, గాలికి కదులుతోందని దానికి గాజు మూత చేయించారు. ఒక వారం అద్దాన్ని అనుమానించారు. షేప్ వన్ డబ్బాలోంచి కూడా మళ్ళీ సగం మందిని వెనక్కి పంపారు. స్వెట్టరు జేబుల్లో, దిండుకింద, కళ్ళజోడు పెట్టెలో పెల్లెట్లు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి తీసి వేళ్ళమధ్య దొర్లిస్తూ ఉండేవారు. మేమంతా ఆయనతోపాటు తూచాం. పెల్లెట్లలో తప్పు దొరకాలని ఇంట్లో అందరికీ ఉంది. అది దొరక్కపోతే మిగిలేది ఏమిటో చూడటానికి ఎవరికీ ధైర్యం లేదు.

జనవరిలో ఒక ఉదయం దొరికింది. మంచు విడిచి కాస్త ఎండ వచ్చిందని నాన్న కోతిటోపీ పెట్టుకుని బాల్కనీలో పేపరు చదువుతున్నారు. పక్కన పిట్టగోడ మీద కొబ్బరినూనె సీసా ఉంది, లోపల తెల్లగా, వెన్నలా. నాన్న పేపరు దించి దానికేసి చాలాసేపు చూశారు.

"ఒసే, ఇదెప్పుడు గడ్డకట్టింది?"

వంటింట్లోంచి అమ్మ, "దీపాలమాసకే కట్టీసింది. ఎండలో ఎట్టకపోతే సుక్క రాదు. ఏల?" అంది.

నాన్న లేచారు. సీసా తిరగేసి పట్టుకున్నారు. ఏమీ కారలేదు. అప్పుడు ఆయన మొహంలో వచ్చిన వెలుగు, వెనకటికి పతకం వచ్చిన నాడు కూడా నేను చూడలేదు. సెప్టెంబరులో నూనె. డిసెంబరులో మైనం. ఆ బేస్‌మెంటు చలికి గొట్టంలో పొరలు పొరలుగా పేరుకుపోయిన మైనం మీద మా చెల్లెలు మూడు నెలలుగా చుక్కని కొట్టమని పెల్లెట్‌ని బతిమాలుతోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ నూనె తలకి రాసుకుంటూ, ఇన్ని చలికాలాలు ఉత్తరాదిలో గడిపిన కుటుంబంలో ఒక్కరికి తట్టలేదు. నాన్న చెల్లెల్ని పిలిచి సీసా చూపించి, తనంత మొద్దు ఈ సెక్టారులోనే ఉండడని ప్రకటించారు. చెల్లెలు మొదట అర్థం కాక చూసి, తర్వాత నవ్వింది. "పాపా, ఆప్ భీ నా" అంటూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె నవ్వు విని అమ్మ చేతిలో గరిటెతో వచ్చి, విషయం విని, నేరమంతా తనదేనని నాన్నతో పోటీపడింది. ఇద్దరూ నేనంటే నేనని వాదించుకున్నారు. అమ్మ సేమ్యా పాయసం కాచింది. బుద్ధితక్కువ పని చేసినందుకు మా ఇంట్లో తీపి తిన్నది ఆ ఒక్కసారే.

ఆ రోజంతా కడిగాం. గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెల సబ్బు, మూడు టీ వడపోతలు. నాన్న పంచెలన్నీ బాల్కనీలో పరిచి పెల్లెట్లు ఆరబోశాం. పావురాలు వచ్చి గింజలనుకుని చూస్తుంటే నేను తువ్వాలుతో కాపలా కాశాను. రైఫిల్ గొట్టంలో ఫెల్టు ముక్కలు తోసి, తెల్లగా వచ్చేదాకా తుడిచారు నాన్న. ఈల కూడా వేశారు. ఆయనకి ఈల వచ్చని అప్పుడే తెలిసింది.

మర్నాడు సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. ముందు రైఫిల్‌ని బల్లకి క్లాంపులో బిగించారు. పెల్లెట్ మంచిదో కాదో తేల్చడానికి అదే పద్ధతి. మనిషి పట్టుకోడు, ఇనుము పట్టుకుంటుంది. కోచ్ ఒకదాని తర్వాత ఒకటి కాల్చి, కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అన్ని పెల్లెట్లూ కలిసి ఒకే ఒక్క రంధ్రం. అందులో శనగగింజ కూడా పట్టదు. నాన్న ఆ కాగితాన్ని కోచ్‌కి చూపించారు, నాకు చూపించారు, పైన షోరూంలో సోఫాలు అమ్మే ఆయనకి చూపించి వచ్చారు. తర్వాత చెల్లెలు జాకెట్టు బిగించుకుని నిలబడింది.

రైఫిల్ ఎత్తింది. దించింది. ఎత్తింది. మొదటిది పక్కకి పోయింది. రెండోది ఇంకో పక్కకి. నాన్న, చలికి ఇంకా వేడెక్కలేదన్నారు. ఆమె కాల్చింది. నాన్న, గొట్టంలో ఇంకా కాస్త మైనం ఉందేమోనన్నారు. మళ్ళీ తుడిచి, మళ్ళీ క్లాంపులో బిగించి చూశారు. ఒకే రంధ్రం. మళ్ళీ ఆమె చేతికిచ్చారు. కాగితం మీద చుక్కలు, పిల్లలు ఆడుకుని వదిలేసిన గోలీల్లాగా ఎటుపడితే అటు. కోచ్ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. చెల్లెలు రైఫిల్‌ని బల్లమీద మెత్తగా పెట్టి, చేతికి ఉన్న గ్లౌజు విప్పి, మావైపు తిరిగింది. తెలుగులో మాట్లాడింది.

"నాన్నా, పెల్లెట్లు బాగున్నాయి. నూనె కాదు. నేనే బాగోలేను."

నాన్న ఆ కాగితం మడతపెట్టారు. "అలాగనకమ్మా. రేపు ఇంకో డబ్బా సూద్దాం" అన్నారు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తు లేదు, గుర్తుంచుకోదగ్గవీ కావు. నాన్న తూస్తూనే ఉన్నారు. అద్దం మీద సీసం దొర్లే చప్పుడు, కాటా మీద పెట్టిన చప్పుడు, అంతే. ఒక ఆదివారం ఎండలో నేను బాల్కనీలో వేరుశనక్కాయలు ఒలుస్తుంటే చెల్లెలు వచ్చి పక్కన కూచుంది. కాసేపు తొక్కలు లెక్కపెట్టి, "భయ్యా, ఆప్కో కబ్ పతా చలా, కి అబ్ నహీ హోగా?" అని అడిగింది. ఇక కాదని నీకు ఎప్పుడు తెలిసిందీ అని. నా సివిల్స్ సంగతి మా ఇంట్లో నేరుగా అడిగిన మొదటి మనిషి ఆమె. ఏదైనా హాస్యమాడి తప్పించుకుందామని చూశాను గాని దొరకలేదు. ఆఖరి ఫలితాలు వచ్చిన నాడు మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే సాయంత్రందాకా ఒళ్ళెరగని నిద్ర పట్టిందనీ, అంతకుముందు కొన్నేళ్ళుగా అలాంటి నిద్ర లేదనీ, లేచి కూచున్నప్పుడు తెలిసిందనీ చెప్పాను. ఆమె ఆలోచించింది. "నాకు నిద్ర పట్టట్లేదు" అంది, తెలుగులోనే. అంటే ఇంకా కావాలనే ఉందన్నమాట. అది మంచివార్తో చెడ్డవార్తో నాకు ఇప్పటికీ తెలీదు. వేరుశనక్కాయలు ఆమె వైపు జరిపాను.

ట్రయల్స్ రోజున పొగమంచు. కారు ముందు సీటులో నాన్న, ఒళ్ళో షేప్ వన్ డబ్బా, దాని చుట్టూ అమ్మ శాలువా. పెల్లెట్లకి చలెయ్యకూడదు. ఢిల్లీకి దక్షిణాన ఉన్న పెద్ద రేంజీలో మమ్మల్ని వెనక మెట్లమీద కూచోబెట్టారు. కింద వరసగా నిలబడ్డ అమ్మాయిల వీపులు, ఒక్కొక్కరి పైన ఒక తెర, తెరమీద వాళ్ళ ఒక్కో షాటూ ఎక్కడ తగిలిందో. అమ్మ చెల్లెలి తెరకేసి చూడలేక పక్క అమ్మాయిది చూస్తూ కూచుంది, ఆ పిల్ల బాగా కొట్టినప్పుడల్లా అలవాటుగా సంతోషించి నాలుక కరుచుకుంటూ.

చెల్లెలు బాగా కాల్చింది. ఆ చలికాలంలో ఎప్పుడూ అంత బాగా కాల్చలేదు. ఎత్తింది, ఆనించింది, వదిలింది. పది, పది, పది. నాన్న గుప్పిట్లు బిగించుకుని ఊపిరి ఆమెతోపాటు తీసి ఆమెతోపాటు ఆపుతున్నారు. సగం దాటింది, పై వరసలోనే ఉంది. ఇంకా కొద్ది షాట్లు ఉన్నాయనగా రైఫిల్ ఎత్తి, అలాగే ఉండిపోయింది. ఎడమ భుజం కాస్త కిందికి జారడం నాకు వెనకనుంచి స్పష్టంగా కనిపించింది. దించాలి. దించలేదు. కాల్చింది. తొమ్మిదిలోకి పోయింది. తర్వాతది ఇంకా సేపు పట్టుకుంది. భుజం మళ్ళీ జారింది. అదీ తొమ్మిదే. మిగిలినవన్నీ మళ్ళీ పదులు. ఆ రెంటిలో పోగొట్టుకున్నదానికన్నా తక్కువ తేడాతో వరస కిందికి జారిపోయింది. పక్క అమ్మాయి నెగ్గింది. అమ్మ ఆ పిల్లకేసి చూసి బలహీనంగా నవ్వింది.

బయట పార్కింగు దగ్గర టీ బండి ఉంది. చెల్లెలు జాకెట్టు భుజాన వేసుకుని వచ్చింది. ఏడవలేదు. ఏడుస్తుందని మేము ముగ్గురం సిద్ధం చేసుకున్న మాటలన్నీ చేతుల్లో అలాగే ఉండిపోయాయి. నాన్న టీ గ్లాసు ఆమెకి అందించారు. టీ ఒలికి శాలువా మీద పడింది.

"ఆ రెండూ పెల్లెట్ల తప్పమ్మా" అన్నారు. "అంచు వంగుంటాది. నాను సరిగ్గా సూళ్ళేదు. నాదే తప్పు."

చెల్లెలు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఆయన మొహంలోకి చూసింది. నేను ఆమె ఏమంటుందోనని భయపడ్డాను. క్లాంపు ముందు ఏం చెప్పిందో మా ఇద్దరికీ తెలుసు. భుజం జారడం నేను చూశానని నా మొహం చూసి ఆమె కనిపెట్టేసింది. టీ ఒక గుక్క తాగింది.

"అవును నాన్నా" అంది. "ఆ రెండూ వేసేటప్పుడే వేలికి తేడాగా తగిలాయి. వెయ్యకుండా ఉండాల్సింది."

నాన్న తలూపారు. చాలా నెమ్మదిగా, చాలాసార్లు. "నానే సూడాల" అన్నారు. స్టోర్సులో ఒక సామాను పనికిరాదని తేల్చి, ఆ తేల్చడం తన పేరుమీద వేసుకున్న మనిషిలా ఉన్నారు. భుజాలు కొంచెం దిగాయి. ఇంటికి వెళ్ళేదారిలో వెనక సీటులో చెల్లెలు అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోయింది. ఫరీదాబాద్ వచ్చాక లేపబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. చాలాసేపు కారు ఇంటి ముందు ఆపుకుని, నలుగురం అలాగే కూచున్నాం.

చెల్లెలిప్పుడు గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో మనుషుల సెలవులూ జీతాలూ చూసే విభాగంలో ఉంది. రైఫిల్‌ని ఎవరికో ఇచ్చేశాం. నాన్న పక్కగదిలోనే ఉన్నారు. చెవి కొంచెం మందగించింది, ఆ రెండు పెల్లెట్ల మాట వచ్చినప్పుడు తప్ప. ఎవరైనా చుట్టాలొచ్చి, అమ్మాయి తుపాకి కాల్చేదట కదా అని అడిగితే ఆయన మొదలుపెడతారు. ఒకదాని అంచు ఎడమకి వంగిందట, రెండోదాని నడుము దగ్గర సన్నటి గీత ఉందట. ఏటేటా ఆ లోపాలకి కొత్త వివరాలు చేరుతున్నాయి. చెల్లెలు ఉంటే మధ్యలో అందుకుని, గీత ఎంత పొడుగో వేలుమీద చూపిస్తుంది. మొదట్లో అది ఆయన కోసం చేసేది. ఇప్పుడు నమ్మే చూపిస్తుందనుకుంటాను. భుజం జారడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాని ఇన్నేళ్ళు గడిచాయి కదా, ఆ రెండు పెల్లెట్లనీ అద్దం మీద దారితప్పి పోతుండగా నా కళ్ళతో చూసినట్టే నాకూ గుర్తుంది.